వాడుక మాటల్లో నానార్థాలు

ఒకే మాటకు ఒకటి కంటే ఎక్కువ అర్థాలుంటే వాటిని నానార్థాలంటారు. అమరకోశం మూడో కాండలో వీటికోసం ప్రత్యేకంగా నానార్థవర్గం ఉంది. ఆ దారినే పైడిపాటి లక్ష్మణకవి తన ఆంధ్రనామసంగ్రహంలో తెలుగు మాటలకు ఒక నానార్థవర్గు కూర్చాడు. బడి పుస్తకాల్లో మాత్రం నానార్థాలనగానే హరి, కరం, ద్విజుడు వంటి సంస్కృత పదాలే ముందుకొస్తాయి. కరం అంటే చెయ్యి, తొండం, కిరణం, పన్ను అని పిల్లలు వల్లెవేస్తారు. ఇంట్లో, పొలంలో, అంగట్లో రోజూ నలిగే ఆకు, కాలు, చుక్క, వంక, తూము, అత్త వంటి మాటల్లో కూడా ఎన్నో అర్థాలున్నాయి. వాటిని ఎవరూ నేర్పరు, వాడుకలోనే వస్తాయి. ఈ వ్యాసం వాటి గురించే.

రెండు తోవలు

నానార్థాలు రెండు తోవల్లో పుడతాయి. ఒకే మాట పనినిబట్టి కొత్త వస్తువులకు వ్యాపించడం మొదటిది. అసలు సంబంధమే లేని రెండు మాటలు పలుకుబడిలో ఒకటైపోవడం రెండోది. మాట్లాడేవారికి ఈ తేడా పట్టదు కానీ నిఘంటుకారుడికి ఇదే పెద్ద పరీక్ష. మొదటి రకాన్ని ఒకే పదం కింద వరస అంకెలతో ఇవ్వాలి, రెండో రకాన్ని వేరే పదాలుగా ఎత్తిచూపాలి.

"అడుగు" అనే ఒక్క మాటలో రెండు తోవలూ కనిపిస్తాయి. పాత తెలుగులో అడుగు అంటే పాదం. పాదం మోపితే అది వేసిన అడుగు, పాదమంత పొడవు పన్నెండు అంగుళాల అడుగు, ఒంటికి పాదం ఎక్కడుందో కుండకు అక్కడుండేది దాని అడుగు. అన్నం అడుగంటినా, వేసవిలో బావి అడుగంటినా ఈ చివరి అర్థమే. ఇవన్నీ ఒకే కుదురు. ధర అడగడం, దారి అడగడం మాత్రం వేరే క్రియ. రూపం కలిసిందే తప్ప చుట్టరికం లేదు.

వ్యాపించడానికి మంచి ఉదాహరణ "ఆకు". చెట్టుకు ఉన్నది ఆకు. పెళ్ళి పందిట్లో "ఆకులు వేయండి" అంటే విస్తళ్ళు పరచమని. "ఆకూ వక్కా" అన్నప్పుడు అది తమలపాకు తప్ప మరొకటి కాదు. బండి చక్రంలో నడిమి నుంచి అంచుకు పోయే కర్రలు కూడా ఆకులే. తాటాకు మీద గంటంతో రాసిన కాలంలో గ్రంథంలో ఒక పత్రం కూడా ఆకే. ఎదుటివాడికంటే ఎక్కువ తెలిసినవాణ్ని "నాలుగాకులు ఎక్కువే చదివాడు" అనడం ఆ రోజుల నుంచి వచ్చింది. తాటాకు పోయి కాగితం వచ్చి తరాలు గడిచినా ఆ మాట నిలిచే ఉంది.

"చుక్క" ఇంకా దూరం పోయింది. కాగితం మీద పెట్టే బిందువు చుక్క, ఆకాశంలో నక్షత్రం చుక్క, చూరు నుంచి జారే నీటిబొట్టు చుక్క. ముగ్గు వేసే ముందు చుక్కలు పెడతారు, పెళ్ళికూతురి బుగ్గన చుక్క దిద్దుతారు, పసిపిల్లలకు పోలియో చుక్కలు వేయిస్తారు. మద్యాన్ని కూడా చుక్క అంటారు. అడవిలో చుక్కల దుప్పి ఉంది, మడిలో చుక్కకూర ఉంది. అందమైన అమ్మాయిని చుక్క అనడంలో ఉన్నది నక్షత్రమే. "చుక్కెదురైంది" అనే వాడుకలోనూ ఆకాశపు చుక్కే ఉంది. శుక్రుడు ఎదురుగా ఉండగా ప్రయాణం కట్టకూడదన్న నమ్మకం నుంచి, తలపెట్టిన పనికి ఎదురుదెబ్బ అనే అర్థానికి అది చేరింది. ఇప్పుడు పత్రికలు కోర్టు వార్తలకు ఆ మాట పెడుతున్నాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది "వంక". వంగు, వంకర, వంపు ఉన్న కుటుంబమే ఇది. రాయలసీమలో వంక అంటే వాగు. అది మెలికలు తిరుగుతూ పారుతుంది. కడప ఊరి మధ్యగా పోయే బుగ్గవంక పేరులో ఈ అర్థమే ఉంది. సన్నగా వంగిన చంద్రుడు నెలవంక. ఉన్నదాంట్లో వంకర చూపించడం వంక పెట్టడం. సూటిగా చెప్పకుండా పక్కకు తిప్పే సాకు కూడా వంకే, "జ్వరం వంకతో బడి మానేశాడు" అంటాం. "నా వంక చూడు" అన్నప్పుడు దిక్కు. వాగు, చంద్రుడు, తప్పు, సాకు, దిక్కు అనే ఇన్నిటినీ ఒక వంపు కలిపి పట్టుకుంది.

ఒళ్ళు, కొలత, కాలం

ఒంటి భాగాల పేర్లు వస్తువులకు ఎక్కడం అన్ని భాషల్లోనూ ఉన్నదే. తెలుగులో రంపానికి, దువ్వెనకు పళ్ళున్నాయి. కడవకు మూతి ఉంది. తాళానికి చెవి విడిగా జేబులో ఉంటుంది. నెమలి ఈకకు కన్ను ఉంది, చెరుకు గడ కణుపు దగ్గర మొలకెత్తే చోటు కూడా కన్నే. చెరుకు నాటే రైతు ముచ్చెలనే విత్తన ముక్కలు కోసేటప్పుడు ఆ కళ్ళనే చూసుకుంటాడు.

కాలు సంగతి కొంచెం నిదానించి చూడాలి. నడిచే కాలుతో పాటు నాలుగో వంతు అనే అర్థం కూడా ఈ మాటకు నిఘంటువుల్లో ఉంది. కాలు, అర, ముక్కాలు అనేది పాత లెక్క. మూడు కాళ్ళున్నది ముక్కాలిపీట, నాలుగింట మూడు వంతులు ముక్కాలు. పశువుకు నాలుగు కాళ్ళు కాబట్టి ఒక కాలు నాలుగో వంతు అన్న ఊహ సంస్కృతంలోనూ ఉంది. పాదం అంటే అడుగు, పాదం అంటే నాలుగో భాగం. పద్యానికి నాలుగు పాదాలు. నక్షత్రానికి నాలుగు పాదాలు. 27 నక్షత్రాలకు 108 పాదాలు, రాశికి తొమ్మిది చొప్పున పంచుతారు. ఇంతలో హిందీ, ఉర్దూల మీదుగా "పావు" వచ్చింది. దాని మూలం కూడా పాదమే. నేటి వాడుకలో ముక్కాలు వెనక్కి పోయి ముప్పావు నిలిచింది. మూడు మాటలు మారినా లెక్క మాత్రం కాలి మీదే నిలబడి ఉంది. చదరంగం బల్ల మీద కదిలే పావు మళ్ళీ వేరు.

కాలాన్ని చెప్పే మాటలు, కాలాన్ని చూపే వస్తువుల నుంచే వచ్చాయి. గంట కొట్టి వేళ చెప్పారు కాబట్టి అరవై నిమిషాలు గంట అయింది. నెల అంటే చంద్రుడు, చంద్రుడు తిరిగి వచ్చేదాకా పట్టే కాలం నెల. పొద్దు అంటే సూర్యుడు. "పొద్దు పోవడం లేదు" అన్నప్పుడు కాలం, ఒక్కపొద్దు అన్నప్పుడు ఒంటిపూట భోజనంతో చేసే ఉపవాసం.

రంగుల్లో "పచ్చ" ఒక్కటే చెప్పుకోదగ్గది. లేత ఆకు రంగునూ, పసుపు రంగునూ ఈ ఒక్క మాటే మోసింది. పచ్చిక పచ్చన, పచ్చకామెర్లు వచ్చినవాడి కళ్ళూ పచ్చన. ఎక్కడ తికమక వస్తుందో అక్కడ జనం ముందు మరో మాట తగిలించి ఆకుపచ్చ అన్నారు, పసుపుపచ్చ అన్నారు, చిలకపచ్చ అన్నారు. ఎండనిది, ఉడకనిది, పండనిది పచ్చి. అక్కడ నుంచి పచ్చి పాలు, పచ్చి బాలింత, పచ్చి అబద్ధం దాకా వెళ్ళింది.

బహువచనంలో కలిసేవి, విడిపోయేవి

తెలుగు నానార్థాల్లో ఎక్కువ ఆసక్తి కలిగించేవి బహువచనంలో పుట్టినవి. డి, డు, లు, ల్లు, రు వంటి అక్షరాలతో ముగిసే చాలా మాటలకు బహువచన ప్రత్యయం చేరితే చివర "ళ్ళు" అవుతుంది. వేర్వేరు తోవల్లో వచ్చిన మాటలన్నీ అక్కడ ఒకే రూపం తొడుక్కుంటాయి. కోడి బహువచనం కోళ్ళు, మంచపు కోడు బహువచనమూ కోళ్ళే. గుచ్చుకునే ముల్లు, కట్టే ముడి రెండూ ముళ్ళు అవుతాయి. దారిలో ముళ్ళున్నాయన్నా, మూడు ముళ్ళు వేశాడన్నా రూపం ఒకటే. పన్ను, పండు రెండూ పళ్ళు. గుడి, గుండు రెండూ గుళ్ళు. చేతి వేలు, చెట్టు వేరు రెండూ వేళ్ళు. తెలుగు విననివారికి ఇది గందరగోళంగా తోస్తుంది. తెలుగువారు మాత్రం "పళ్ళు తోముకో" అన్నప్పుడు ఒక్క క్షణం కూడా అరటిపళ్ళ గురించి అనుకోరు. పక్కనున్న క్రియ అర్థాన్ని పట్టిస్తుంది.

బహువచనం కలపడమే కాదు, విడదీస్తుంది కూడా. నోట్లో పన్ను పళ్ళు అవుతుంది, మునిసిపాలిటీకి కట్టే పన్ను పన్నులు అవుతుంది. సంవత్సరమనే అర్థంలో ఏడు, ఏళ్ళు అవుతుంది, అంకెగా మాత్రం అలా మారదు.

"పాలు" మరింత సూక్ష్మమైనది. తాగే పాలు ఎప్పుడూ బహువచనమే. "పాలు విరిగాయి" అంటాం, "విరిగింది" అనం. వాటా అనే అర్థంలో అది ఏకవచనం. "ఆస్తిలో నా పాలు తగ్గింది" అంటాం. దాని బహువచనం పాళ్ళు. ఆ పాలు నుంచే పాలివాళ్ళు అంటే దాయాదులు వచ్చారు. "అగ్గిపాలు", "నీటిపాలు", "పరులపాలు" అనే మాటల్లో ఉన్నదీ వాటానే. నిప్పు తన వాటా తాను తీసుకుపోయిందన్నమాట.

పోయిన అక్షరాలు

ఈనాడు ఒకేలా వినిపించే కొన్ని మాటలు మొదట వేరువేరుగా ఉండేవి. శకట రేఫమనే బండి ఱ, అరసున్న అనే ఁ పోయాక అవి కలిసిపోయాయి. చెట్టుకుండేది వేరు, మరొకటి అనే అర్థం ఉన్నది వేఱు. గింజలు ఏరడం ఒకటి, పారే నది ఏఱు. ఆ నాఁడు అంటే కాలం, పలనాడు అంటే సీమ. దారపు పోఁగు ఒకటి, గింజల పోగు ఒకటి. ఇంతదాఁక అన్నది హద్దు, పొయ్యి మీది దాక మట్టిపాత్ర. పాత నిఘంటువులు వీటిని జాగ్రత్తగా విడివిడిగా చూపాయి.

మాటల మొదట్లో ఉన్న రావడి అనే ర ఒత్తు పోవడం ఇంకొన్నిటిని కలిపింది. వ్రేలు వేలు అయి, వెయ్యి బహువచనమైన వేలతో కలిసింది. మ్రాను మాను అయి, గాయం మానడంతో కలిసింది. త్రాడు తాడు అయి, తాడిచెట్టు పక్కన చేరింది. అందుకే తాళ్ళు అంటే మోకులూ కావచ్చు, తాటిచెట్లూ కావచ్చు. తాళ్ళతోపులో కల్లు గీసేవాడు నడుముకు కట్టుకునేది ఒక తాడు, ఎక్కేది ఇంకో తాడు.

పొలం, చెరువు

వృత్తి తెలియకపోతే అర్థం తెలియని మాటలు వ్యవసాయంలో చాలా ఉన్నాయి. "తూము" తీసుకోండి. ధాన్యం కొలిచేవాడికి అది కొలమానం. పుట్టికి 20 తూములు, తూముకు 4 కుంచాలు. చెరువు కింద రైతుకు అది కట్ట అడుగు నుంచి నీళ్ళు వదిలే దారి. కాకతీయుల కాలపు రామప్ప, పాకాల చెరువుల కింద సాగంతా తూముల మీద ఆధారపడ్డదే. "పుట్టి" కూడా అంతే. ఒకచోట ధాన్యపు లెక్క, మరోచోట కృష్ణ, తుంగభద్రల మీద జాలర్లు వాడే గుండ్రటి బుట్ట పడవ. "పుట్టెడు దుఃఖం" అన్నవారిని అడిగితే కొలత గుర్తుకు రాకపోవచ్చు, బరువు మాత్రం తెలుస్తుంది.

"మడి" అంటే గట్లు వేసి నీరు నిలిపిన పొలం చెక్క. వరికి మడి, నారుకు నారుమడి. నౌపడ, చినగంజాం తీరాల్లో సముద్రపు నీరు ఎండబెట్టి ఉప్పు తీసేవి ఉప్పుమడులు. వంటింట్లో తడిబట్ట కట్టుకుని ఎవరినీ తాకకుండా ఉండటం వేరే మడి. "దొడ్డి" అంటే పశువుల కొట్టం, ఇంటి వెనక పెరడు. అక్కడికి వెళ్ళే అవసరం నుంచే "దొడ్డికి వెళ్ళడం" అనే మర్యాద మాట వచ్చింది. దారి తప్పిన పశువులను కట్టేసేది బందెలదొడ్డి.

నేల కొలతల్లో ఒక మాట ఏ జిల్లాలో విన్నామన్నది ముఖ్యం. తెలంగాణలో "గుంట" అంటే 121 చదరపు గజాలు, 40 గుంటలు ఒక ఎకరం. మిగతా చోట్ల గుంట అంటే గొయ్యి, చిన్న నీటిమడుగు. ఉత్తరాంధ్రలో గుంట అంటే ఆడపిల్ల, మగపిల్లవాడు గుంటడు. శ్రీకాకుళం నుంచి వచ్చిన అవ్వ "మా గుంట బడికెళ్ళింది" అంటే నల్గొండలో వినేవారు ఒక్క క్షణం ఆగాల్సిందే. ఆంధ్రలో పొలం లెక్క సెంట్లలో ఉంటుంది. ఎకరాకు 100 సెంట్లు, సెంటు 48.4 చదరపు గజాలు. బట్టల మీద చల్లుకునే సెంటుతో దానికి ఏ సంబంధమూ లేదు. రెండూ ఇంగ్లీషు నుంచే వచ్చాయి, అక్కడ వేరువేరు మాటలు, తెలుగు లిపిలో ఒకటయ్యాయి.

ఇల్లు, చుట్టరికం

"ఇల్లు" అంటే కట్టడమే కాదు. వంటిల్లు, పడకటిల్లు అన్నప్పుడు అది గది. ఇంటిపేరు అన్నప్పుడు వంశం. "ఇల్లు గడవాలి" అన్నప్పుడు సంసారం. "మా ఇంట్లో ఒప్పుకోరు" అన్నప్పుడు పెద్దలు, కొన్ని కుటుంబాల్లో మగవారు భార్య పేరు పలకకుండా వాడే మాట. ఒకడు పెళ్ళి చేసుకుంటే ఓ ఇంటివాడయ్యాడంటాం, అద్దె అడిగేవాడు కూడా ఇంటివాడే. "గడప" తలుపు కిందిది, ఊరి లెక్కలో కుటుంబం కూడా. "నూరు గడపల ఊరు" అంటే నూరు కొంపలున్నదని. తిరుమల వేంకటేశుని దర్శనానికి వెళ్ళేవారికి గడప కాబట్టి కడపకు ఆ పేరొచ్చిందని జనం చెప్పుకుంటారు.

"అన్నం" సంస్కృతంలో ఆహారమంతా. తెలుగులో ఉడికిన బియ్యం. కొర్రలు, జొన్నలు తిన్న రాయలసీమలో కొర్రన్నం, జొన్నన్నం ఉండేవి కాబట్టి బియ్యపుదాన్ని ప్రత్యేకంగా వరన్నం అన్నారు. రొట్టెలు తిన్నవారిని కూడా "అన్నం తిన్నావా?" అనే పలకరిస్తారు. "పప్పన్నం ఎప్పుడు పెడతావు?" అంటే పెళ్ళెప్పుడని.

చుట్టరికపు మాటల్లో నానార్థాలు ఒక సామాజిక కట్టుబాటును దాచుకున్నాయి. అత్త అంటే నాన్న అక్కచెల్లెలు, మేనమామ భార్య, భర్త తల్లి లేదా భార్య తల్లి. మామ అంటే అమ్మ అన్నదమ్ముడు, అత్త మొగుడు, పిల్లనిచ్చినవాడు. బావ అంటే మేనత్త కొడుకు, మేనమామ కొడుకు, అక్క భర్త, భర్త అన్న. వదిన అంటే అన్న భార్య, భర్త అక్క, వయసులో పెద్దదైన మేనమామ కూతురు. మేనరికం ఆనవాయితీ అయిన సమాజంలో ఇవి వేరువేరు అర్థాలు కావు. మేనత్త ఇంటికే కోడలిగా వెళ్ళిన అమ్మాయికి ఆ ఇద్దరు అత్తలూ ఒక్క మనిషే. ఈ వరసల క్రమాన్ని థామస్ ట్రాట్‌మన్ 1981లో ద్రావిడ బంధుత్వాల మీద రాసిన పుస్తకంలో సవివరంగా పరిశీలించాడు. మేనరికాలు తగ్గిన కుటుంబాల్లోనూ పిలుపులు మాత్రం మారలేదు.

పిలుపుల్లో మరో విశేషం ఉంది. "ఏం నాన్నా, ఆకలేస్తుందా?" అని తల్లి కొడుకును అడుగుతుంది. కూతురిని "తల్లీ" అని తండ్రి పిలుస్తాడు. అక్కడ నాన్న, తల్లి అనే మాటలు వరసను వదిలి ప్రేమను మాత్రమే పట్టుకున్నాయి. "అమ్మ" కన్నతల్లి, గ్రామదేవత, ఆడవారి పేరు చివర గౌరవం. ఒంటి మీద పొక్కులొచ్చే జబ్బును కూడా "అమ్మవారు పోసింది" అంటారు. "అప్ప" ఉత్తరాంధ్రలో అక్క, రాయలసీమలో మగవారి పేర్ల చివర వచ్చేది.

ఊరు మారితే

ప్రాంతం మారితే అర్థం మారే మాటలకు "బుగ్గ" మంచి ఉదాహరణ. అందరికీ అది చెంప. రాయలసీమలో నేలలోంచి ఉబికే ఊట, తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడి పేరు అలా వచ్చిందే. తెలంగాణలో పిల్లలు ఊదేది బుగ్గ, గదిలో వెలిగే బల్బు కూడా బుగ్గ. ఉబ్బిన గుండ్రటి రూపం వీటన్నిటికీ ఒకటే. తెలంగాణలో నీళ్ళు వచ్చే "నల్లా" కోస్తాలో కుళాయి. నల్ల రంగుతో దానికి పొత్తు లేదు, అది హిందుస్తానీ నల్ నుంచి వచ్చింది. "పండుకో" అంటే తెలంగాణ, రాయలసీమల్లో పడుకోమని. ఆ పండు పళ్ళ పండు కాదు.

పరాయి మాట దేశి మాట మీద పడటానికి "కారు" చక్కని సాక్ష్యం. కారుచీకటి, కారుమబ్బుల్లో నలుపు. వరి పంటల లెక్కలో కారు అంటే ఒక కాలం. కప్పు నుంచి నీళ్ళు కారడం క్రియ. "వాళ్ళు మనవాళ్ళు కారు" అన్నప్పుడు వ్యతిరేకం. వీటి మీద ఇంగ్లీషు కారు వచ్చి కూర్చుంది. వానలో కారు కారుతోందన్నా ఎవరూ తడబడరు.

నిఘంటువులు, కొత్త అర్థాలు

మచిలీపట్నం, కడప, రాజమండ్రిల్లో పనిచేసిన సి.పి. బ్రౌన్ 1852లో వెలువరించిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వాడుక అర్థాలకు తలుపులు తెరిచింది. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885లో, సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో వచ్చాయి. ఆ రెండిటి బలం కావ్యభాష. పనిముట్ల దగ్గరకు వెళ్ళి, పనిచేసేవారి నోట విని అర్థాలు రాసుకున్నది మాండలిక వృత్తిపదకోశం. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో దాని వ్యవసాయ సంపుటం 1962లో వచ్చింది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. తూము, కోడు, ఆకు వంటి మాటలకు అసలైన చోటు అటువంటి పదకోశమే. కంసాలి కొలిమి దగ్గర, కుమ్మరి సారె దగ్గర, వంటశాలల్లో ఇంకా మాటలున్నాయి. తిరుమలలో లడ్డూలు చేసే వంటశాలను పోటు అంటారు. తిరుపతికి దూరంగా ఉన్నవారికి పోటు అంటే కత్తిపోటు, పంటిపోటు, సముద్రపు ఆటుపోట్లు మాత్రమే.

అదే సమయంలో కొత్త అర్థాలు చేరుతూనే ఉన్నాయి. నాటకంలో దించే తెర సినిమాకు వెండితెర అయింది, ఇప్పుడు చేతిలోని ఫోను తెర. వీణ తీగను మీటే మాట నుంచి వచ్చిన మీట, దీపం వెలిగించే మీటగా, కంప్యూటరు మీటగా మారింది. "ఎత్తు" అంటే లేపడం, ఉన్నతి, చదరంగంలో వేసే పథకం. ఫోన్ మోగితే కూడా ఎత్తుతారు. అన్నిటికంటే చురుగ్గా పెరుగుతున్నది "కొట్టు". వస్తువులమ్మే చోటు కొట్టు. తలుపు కొడతారు, టైరుకు గాలి కొడతారు, టెంకాయ కొడతారు, చీటికి సంతకం కొడతారు. ఈమధ్య కూరగాయల బండి దగ్గర "డబ్బులు కొట్టాను, వచ్చాయా చూడు" అనడం వినిపిస్తోంది. అమ్మే ఆమె ఫోన్ వంక చూసి, వచ్చాయని తలూపి, సంచి చేతికిస్తుంది.